ఒక్కరి జాగ్రత్తకు అందని జబ్బు

2021 ఏప్రిల్‌లో నాకు కోవిడ్ సోకిందని తెలిసి ఫోను చేసిన వాళ్లలో చాలామంది మొదట అడిగిన మాట, "జాగ్రత్తగా ఉండలేదా?" అని. ప్రేమతోనే అడిగారు. కానీ నేను జాగ్రత్తగానే ఉన్నాను. హైదరాబాదు కోఠిలోని ఒక బ్యాంకు శాఖలో కౌంటరు దగ్గర కూర్చునే నేను ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకునేదాన్ని, నోట్ల కట్ట ముట్టుకున్న ప్రతిసారీ చేతులు తుడుచుకునేదాన్ని. మా హాలుకు మాత్రం తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. ఏసీ వేసి, అద్దాల తలుపులు మూసి, నెల మొదట్లో పింఛను కోసం వచ్చే పెద్దవాళ్లతో సహా అందరం సాయంత్రం దాకా ఆ గాలే పీల్చేవాళ్లం. ఈ వైరస్ మూసిన గదుల్లో గాలిలో తేలుతూ వ్యాపిస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అటువంటి గదిలో గాలి మారడం కౌంటరు వెనక కూర్చున్న ఉద్యోగి చేతిలో ఉన్న పని కాదు. భవనం కట్టినవారు, అద్దెకిచ్చినవారు, శాఖను నడిపేవారు కలిసి తేల్చవలసిన పని.

జ్వరం తగలగానే నేను ఇంట్లో విడిగా ఒక గదిలోకి వెళ్లిపోయాను. ఆ గదికి స్నానాలగది ఉంది, మా వారు పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారు, జీతం ఆగలేదు. అదే వారంలో మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు కూడా జ్వరం వచ్చింది. ఆయన్ను విడిగా పడుకోబెట్టమని ఆయన భార్యకు ఫోనులో చెప్పాను. "పక్క అర్ర యాడుందమ్మా మాకు? ఇద్దరు పిల్లలు, మేమిద్దరం, అంత గీ ఒక్క అర్రలనే. ఆయన పండుకుంటె గేటు కాడ ఎవరుంటరు, పైసలెవరిస్తరు?" అన్నది. ప్రభుత్వం ఇచ్చిన సూచనలు మా రెండు కుటుంబాలకూ ఒకటే. వాటిని పాటించడానికి కావలసిన గది, సెలవు, జీతం నాకు ఉన్నాయి, ఆమెకు లేవు. ఇక ఆమె బాధ్యత గురించి మాట్లాడే అర్హత మనలో ఎవరికుంది?

కొన్నాళ్లకు వేలికి పెట్టుకున్న ఆక్సీమీటరులో అంకె 94 కంటే దిగింది, తరువాత 90 కూడా దాటి కిందికి పోయింది. నన్ను గాంధీ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ నర్సులు నన్ను బోర్లా పడుకోమని గంటగంటకూ వచ్చి చెప్పేవారు. ఆ ఎండాకాలంలో ఒళ్లంతా కప్పే పీపీఈ సూట్లలో వాళ్లు చేసిన చాకిరీని నేను బతికున్నంత కాలం మరచిపోను. నా ముక్కుకు అందిన ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో కోలుకున్నాక తెలుసుకున్నాను. ఆ ఏప్రిల్ 23న బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఉక్కు కర్మాగారాల్లో తయారయ్యే ఆక్సిజన్ కోసం ఖాళీ ట్యాంకర్లను ఒడిశాకు పంపారు. సున్నాకు 183 డిగ్రీల దిగువన ద్రవంగా ఉండే ఆక్సిజన్‌ను నింపుకుని విమానంలో తేవడానికి వీలులేదు కనుక, నిండిన ట్యాంకర్లు వందల కిలోమీటర్లు నేల మీదనే ప్రయాణించి వచ్చాయి. ఉక్కు కర్మాగారంలో పనివాళ్లు, డ్రైవర్లు, పైలట్లు, ఆసుపత్రి గొట్టాలు బిగించినవారు, వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా నేను ఎంత క్రమశిక్షణతో ఉన్నా ఊపిరి అందేది కాదు. నాకు ఎక్కించిన డెక్సామెథసోన్ చాలా చవకైన పాత మందు. ఆక్సిజన్ మీద ఉన్న రోగుల్లో అది మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్‌లో తేలిందంటే, బ్రిటన్‌లో వేలమంది రోగులు మందులు పనిచేస్తాయో లేదో తేల్చే ఒకే పరీక్షలో చేరడానికి ఒప్పుకున్నందువల్లనే తేలింది.

ఇంటికి వచ్చాక రెండు అంతస్తుల మెట్లు ఎక్కడానికి మధ్యలో కూర్చోవలసి వచ్చేది. జుట్టు రాలింది, లెక్కలు చూస్తుంటే మనసు నిలిచేది కాదు. అవి నెమ్మదిగా సర్దుకున్నాయి.

ఆ విశ్రాంతి రోజుల్లో చదివినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది మన మురుగునీటి సంగతి. హైదరాబాదులోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలు 2020లో నగరపు మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నీళ్లు సేకరించి వైరస్ ఆనవాళ్లు లెక్కగట్టారు. వైరస్ సోకినవారి మలంలో దాని ఆనవాళ్లు సుమారు 35 రోజుల వరకు ఉండవచ్చు. దాన్నిబట్టి నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉండవచ్చని ఆ ఆగస్టులో ప్రకటించారు. అప్పటికి రాష్ట్రమంతటా నమోదైన కేసులు లక్షకు లోపే. అంటే, జబ్బు ఉన్నట్టు తమకే తెలియనివారు అన్ని లక్షలమంది మన మధ్య తిరిగారు. తనకే తెలియని జబ్బును ఇతరులకు అంటించకుండా చూసుకోమని మనిషికి ఎలా చెబుతాం? అది తెలుసుకోవలసినది నగరమే, తెలుసుకునే పద్ధతి కూడా ఊరందరి మురుగు కలిసే చోటనే ఉంది. 1911లో ఇక్కడ ప్లేగు వచ్చినప్పుడు కూడా ఇళ్లు శుభ్రంగా ఉంచుకోమని చెప్పి ఊరుకోలేదు. మరుసటి ఏడాదే నగరాభివృద్ధి మండలిని పెట్టి వీధులు, ఇళ్లు, మురుగు కాలువల పని మొదలుపెట్టారు.

మాస్కు వద్దని నేను అనడం లేదు. ఎదుటివారు కూడా పెట్టుకున్నప్పుడే అది నన్ను బాగా కాపాడుతుంది.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి, ఆశా కార్యకర్తలు జ్వర సర్వేకు ఇంటింటికీ మందుల కిట్లతో తిరుగుతున్నప్పుడు మా అసోసియేషన్ సమావేశంలో రెండు విషయాలు అడిగాను. జ్వరం వచ్చిన పనివారికి కమ్యూనిటీ హాలు తెరవాలి. వాచ్‌మన్‌కూ, ఊడ్చేవారికీ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకూ ఆ రోజుల జీతం కోయకూడదు. మొదటిది అందరూ ఒప్పుకున్నారు, వాచ్‌మన్ బావమరిది ఆ హాల్లోనే ఉండి కోలుకున్నాడు. రెండోదానికి "అది ఎవరి ఇంటి విషయం వారిది" అన్నారు కొందరు. కొన్ని ఫ్లాట్లవారు ఇచ్చారు, కొందరు కోశారు. కోత పడినవారిలో ఒకామె జ్వరం పూర్తిగా తగ్గకముందే పనికి వచ్చింది. అందుకే ఆ జీతాలను నెలవారీ మెయింటెనెన్సులో కలిపి అందరి నుంచీ వసూలు చేయాలని తీర్మానం రాసి పెట్టాను, ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ దాన్ని మళ్లీ చదువుతున్నాను.