వాషింగ్టన్ జూలో బంగారు రంగు కోతుల కాపురం

అక్కా వాళ్ళు వర్జీనియాలో ఉంటారు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను పట్టుబట్టి చూసింది మాత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ జూ. మెట్రో రెడ్ లైన్‌లో వెళ్ళి క్లీవ్‌లాండ్ పార్క్ స్టేషన్‌లో దిగితే పెద్దగా ఎత్తు ఎక్కే పని లేకుండా నడిచిపోవచ్చు. ప్రవేశం ఉచితం.

జనమంతా పాండాల వైపు పోతుంటే మేం స్మాల్ మ్యామల్ హౌస్‌కి వెళ్ళాం, గోల్డెన్ లయన్ టామరిన్ల కోసం. బ్రెజిల్‌లో రియో చుట్టుపక్కల అడవుల కోతులివి, అర కిలోకి కాస్త పైన బరువు, ముఖం చుట్టూ సింహం జూలులా నారింజ రంగు జుట్టు. ఒకదాని వీపు మీద రెండు పిల్లలు అతుక్కుని ఉన్నాయి. "అదే వాళ్ళమ్మ కదా పిన్నీ?" అంది అక్క కూతురు. కాదు, నాన్న అని చెప్పింది అక్కడి వాలంటీర్. వీటికి ఎక్కువగా కవలలే పుడతాయి, మొదటి రెండు మూడు వారాలు తల్లి మోశాక ఆ పని చాలావరకు తండ్రిదే, పాలకి మాత్రం తల్లి దగ్గరికి పోతాయి. ముందు కాన్పు పిల్లలూ మోస్తాయి.

ఆ మోయడమే అసలు విషయం. 1970ల మొదట్లో అడవిలో సుమారు 200 మిగిలాయి, జూలలో ఉన్నవీ సరిగా పిల్లల్ని పెట్టలేదు. ఈ జూలోనే పనిచేసిన డెవ్రా క్లైమన్ పరిశోధనతో కారణాలు తెలిశాయి: ఇవి జంటగా బతికే జాతి, కుటుంబంలో సాధారణంగా ఒక్క ఆడదే కంటుంది, ఎదిగిన ఆడవాటిని కలిపి ఉంచితే కొట్టుకుంటాయి. పిల్లల్ని పెందలాడే విడదీస్తే, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఎత్తుకున్న అనుభవం లేక, రేపు తమ పిల్లల్ని సాకలేవు. అందుకే ఇప్పుడు పెద్ద పిల్లల్ని కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుతారు. ఇది విన్నాక ఆ అద్దం ముందు నుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

ఏది దేనికి పుట్టిందో రాసి ఉంచే వంశావళి పుస్తకం ఉంది, దాన్ని చూసే జతలు కలుపుతారు. సంఖ్య మరీ పెరగకుండా గర్భనిరోధకాలూ వాడతారు. అంతరించిపోయే జాతికి అదేంటని మొదట బాధేసింది కానీ, ఉన్న చోటు కొంచెమే, ఒకే వంశం నిండిపోతే మిగతా వంశాలకి చోటుండదు.

1984 నుంచి జూలో పుట్టినవాటిని బ్రెజిల్ అడవిలో వదిలారు. సన్న కొమ్మల మీద నడవడం, తిండి వెతుక్కోవడం రాక చాలా చనిపోయాయి, కానీ వాటికి అడవిలో పుట్టిన పిల్లలు నిలదొక్కుకున్నాయి. మధ్యలో ఎల్లో ఫీవర్ దెబ్బతీసినా 2023 లెక్కకి సుమారు 4,800 ఉన్నాయి.

మీరూ వెళ్తే పాండాల కంటే ముందు ఇక్కడికే రండి, వాలంటీర్లని మొహమాటపడకుండా అడగండి, ఓపిగ్గా చెబుతారు.