నాణేల ఫొటోలలో నిజమైన రంగు: ఇప్పటివరకు తేలినవి

నాణేలు, పతకాలు, టోకెన్ల వంటి చిన్న లోహపు వస్తువులను ఫొటో తీయడంలో స్పష్టత సమస్య ఈపాటికి తీరింది. కెమెరాను స్టాండుకు కిందికి చూసేలా బిగించి, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సును (చిన్న వస్తువులను దగ్గరగా తీసేది) ఎఫ్/8 వద్ద (లెన్సు రంధ్రం కొలత), ఐఎస్‌ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100 వద్ద ఉంచితే అక్షరాల అంచులు కూడా చక్కగా వస్తున్నాయి. రంగు మాత్రం అంత సులువుగా లొంగలేదు. పక్కపక్కన పెట్టిన రాగి, ఇత్తడి, వెండి నాణేలు మూడూ చేతిలో ఎలా ఉన్నాయో తెరమీద కూడా అలాగే కనిపించాలన్నది నేను పెట్టుకున్న కొలమానం.

ముందుగా దీపాల సంగతి. కిటికీ వెలుతురు, బల్లదీపం కలిసి పడితే నాణెం ఒక పక్క నీలిగా, మరో పక్క పసుపుగా వస్తుంది; దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు. అందుకే తెర వేసి, ఒకే రకం ఎల్‌ఈడీ దీపాలు రెండింటిని, 5000 కెల్విన్ (పగటి వెలుతురుకు దగ్గరి తెలుపు) వద్ద వాడుతున్నాను. దీపం రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పడానికి పెట్టెమీద రాసే సీఆర్‌ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 విలువ అందులో చేరదు కాబట్టి, సీఆర్‌ఐ 90 దాటిన దీపం కింద కూడా రాగి నాణెం ప్రాణం లేనట్టు కనిపించవచ్చు. ఆర్9 విలువను విడిగా చూసి దీపాలు మార్చాక రాగిలోని ఎరుపు తిరిగి వచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. లోహం రంగు దాని మెరుపులోనే ఉంటుంది. వెండి తన మీద పడిన కాంతిలోని రంగులన్నింటినీ దాదాపు సమానంగా తిప్పి పంపుతుంది కనుక, చుట్టూ ఏ రంగు ఉంటే ఆ రంగు దానిలో కనిపిస్తుంది. రాగి నీలం, ఆకుపచ్చ కాంతులను చాలావరకు మింగి, ఎరుపును ఎక్కువగా పంపుతుంది. దానికి గోడ రంగో, చొక్కా రంగో తోడైతే ఫలితం ఇంకో లోహమేమో అనిపిస్తుంది. ఇక్కడ గ్రే కార్డు (ఫొటోలో రంగులు సరిచేయడానికి ఆధారంగా తీసే బూడిదరంగు అట్ట) సగం మాటే చెబుతుంది. మెరుపు లేని కార్డు అన్ని దిక్కుల కాంతినీ కలిపి చూపుతుంది, నాణెం మీది ప్రతి వాలు మాత్రం ఒక్కో దిక్కు నుంచి వచ్చే కాంతినే కెమెరాకు పంపుతుంది. కార్డు ప్రకారం అంతా సరిగ్గా ఉన్నా, నాణెం అంచున గులాబీ ఛాయ నిలిచిపోవడానికి కారణం ఇదే.

దీనికి నాకు దొరికిన మంచి పరీక్ష బేరింగులోని ఉక్కు గుండు. నాణెం ఉండే చోట దాన్ని పెట్టి ఒక ఫొటో తీస్తే, పైనున్న గది మొత్తం అందులో చిన్న బొమ్మలా కనిపిస్తుంది. ఏ రంగు ఎక్కడి నుంచి చొరబడుతోందో వెతకనక్కరలేదు. ఆ బొమ్మను చూశాకే చెక్క స్టాండుకు నల్ల కాగితం చుట్టాను, లెన్సు చుట్టూ రంధ్రం చేసిన నల్ల అట్ట పెట్టాను, నల్ల చొక్కా వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. (ఇంట్లోవాళ్లకు ఇది విచిత్రంగా తోచింది.) దీపాల ముందు పెట్టిన ట్రేసింగ్ పేపరు కూడా ఆ గుండులో తెల్లగానే కనిపించాలి, కొంచెం పసుపుబారినా మార్చేస్తున్నాను.

మెరుపు తగ్గించడానికి దీపాల మీద, లెన్సు మీద ధ్రువణ ఫిల్టర్లను (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చేవి) ఒకదానికొకటి అడ్డంగా వాడమని తరచుగా చెబుతుంటారు. ఎనామెల్ పూసిన బిళ్ళలకు అది బాగానే పనిచేస్తుంది. పూత లేని లోహానికి మాత్రం వద్దంటాను, ఎందుకంటే ఆ అమరిక ఆపేది లోహపు రంగును మోసుకొచ్చే కాంతినే. నాణెం మసిబారినట్టు మిగులుతుంది. నునుపైన నాణేలకు 45 డిగ్రీల వాలులో గాజుపలక పెట్టి, పక్కనుంచి వచ్చే కాంతిని దాని మీదుగా నేరుగా కిందికి పంపడం మేలు. మామూలు గాజులో ఇనుము వల్ల పచ్చటి ఛాయ ఉంటుంది గనుక, పలక పలుచగా ఉండాలి, గ్రే కార్డు ఫొటో కూడా పలక ఉండగానే తీయాలి.

కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (కాంతి రంగును కెమెరా తానే ఊహించి సరిచేయడం) పూర్తిగా ఆపేశాను. చట్రం నిండా రాగి ఉంటే, కాంతే ఎర్రగా ఉందనుకొని కెమెరా దాన్ని నీలివైపు జరిపేస్తుంది. గ్రే కార్డుకు బదులు తెల్ల కాగితం వాడటమూ మంచిది కాదు: చాలా కాగితాలలో తెల్లదనం పెంచే రసాయనాలు ఉంటాయి, అవి అతినీలలోహిత కాంతి తగిలితే నీలిగా వెలుగుతాయి, దానితో సరిచేసిన ఫొటో పసుపువైపు జరుగుతుంది. ఎక్స్‌పోజరును (ఫొటోకు అందే వెలుతురు మోతాదు) ఎరుపు హిస్టోగ్రామ్ (ఫొటోలో ఎరుపు ఎంత ప్రకాశంగా నమోదైందో చూపే పటం) చూసి నిర్ణయిస్తున్నాను, ఎందుకంటే రాగి మెరిసేచోట ముందుగా ఎరుపే హద్దు దాటి, ఆ భాగం నారింజ నుంచి పసుపుకు మారిపోతుంది. ఫైళ్లన్నీ రా రూపంలోనే (కెమెరా మార్పులు చేయని ముడి సమాచారం) తీసి, పంచుకునే ప్రతిని మాత్రం ఎస్‌ఆర్‌జీబీలో (చాలా తెరలు వాడే రంగుల ప్రమాణం) దాచుతున్నాను.

ఇప్పుడు రాగి, ఇత్తడి, మెరిసే వెండి మూడూ కొలమానానికి దగ్గరగా వస్తున్నాయి. కాలంతో రంగులెక్కిన వెండి మిగిలింది. దాని మీద ఏర్పడిన పలుచని సిల్వర్ సల్ఫైడ్ పొరలో కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి పసుపు, ఊదా, నీలం పుట్టిస్తాయి. నాణేన్ని కాస్త వంచితే ఆ రంగులు జరిగిపోతాయి. వాటికి ఒకే సరైన రంగు లేదు కాబట్టి, ఒక్కో నాణేనికి నేరుగా ఒకటి, కొద్దిగా వంచి మరొకటి తీసి, దీపం ఉన్న కోణాన్ని ఫైలు పేరులోనే రాయడం మొదలుపెట్టాను.