నెడుంబస్సేరి కార్గో పక్కన గుమ్మడి తీగలు

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కేరళలోని ఆలువాలో దిగేదాకా చెప్పుకోవడానికేమీ లేదు. బోగీ నిండా స్వాములు, శరణుఘోష, అంతే. ఆలువా స్టేషన్ బయట మాత్రం ఒళ్ళు మండింది. నెడుంబస్సేరిలోని కొచ్చి ఎయిర్‌పోర్ట్ కార్గో అనగానే ఆటోకి నాలుగొందలు! మహా అయితే పన్నెండు కిలోమీటర్లు. ఆకలి మీద ఉండి బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

నేను వెళ్ళింది గల్ఫ్‌కి కూరగాయలు పంపే ఏజెంటుతో మాట్లాడటానికి. లోపలికి పాస్ లేనిదే పంపరు. ఆయన వచ్చేదాకా కంచె పక్కన నిలబడ్డాను. అవతల 45 ఎకరాల్లో సోలార్ పలకలు. వరసల మధ్య గుమ్మడి తీగలు, బెండ మొక్కలు! కేరళ వానలకు పలకల కింద కలుపు విపరీతంగా పెరిగేదట. దాన్ని పీకించే బదులు కూరగాయలు వేశారు. పలకలు కడిగిన నీళ్ళే పాదులకు పోతాయి. ఈ ఆలోచన నాకెంత నచ్చిందో చెప్పలేను.

2013లో టెర్మినల్ కప్పు మీద 100 కిలోవాట్లతో మొదలుపెట్టారు. 2015 ఆగస్టుకల్లా కార్గో కాంప్లెక్స్ పక్కన 46,150 పలకలతో 12 మెగావాట్ల ప్లాంటు వచ్చింది. పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిచే మొదటి విమానాశ్రయం ప్రపంచంలో ఇదే. 2018లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా ఇచ్చింది.

అక్కడి నుంచే అన్నయ్యకు ఫోన్ చేశాను. మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీలో చిన్న వాటా ఉంది. ఎండాకాలం కరెంటు బిల్లు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడరు.

"పగలు సరేరా, రాత్రి సంగతేంటి? కోల్డ్ రూములు ఆపలేరుగా?" అన్నాడు.

నేనూ ఏజెంటును అదే అడిగాను. బ్యాటరీలు లేవట. పగలు మిగిలిన కరెంటు రాష్ట్ర విద్యుత్ బోర్డు గ్రిడ్‌కి ఇచ్చి, రాత్రి అక్కడి నుంచే తీసుకుంటారు, బ్యాంకులో వేసుకుని తీసుకున్నట్టు. మొదట్లోనే రోజుకు 50, 60 వేల యూనిట్లు వస్తాయని లెక్క వేశారు. తర్వాత కార్ల పార్కింగ్‌కీ పలకలతోనే నీడ వేశారు. అద్దాల గోడలు కట్టి గ్రీన్ బిల్డింగ్ అని బోర్డు పెట్టడం కన్నా ఖాళీ నేలని, కప్పుని ఇలా పనిలో పెట్టడమే అసలైన డిజైన్ అని నా నమ్మకం.

అయితే ఎండ సంగతి చూసుకున్నంత బాగా నీటి సంగతి చూసుకోలేదనిపించింది. 2018 ఆగస్టు వరదల్లో పెరియార్ నది పొంగి రన్‌వే మునిగింది. 15 నుంచి 29 దాకా విమానాల్లేవు, ప్రహరీ కూలింది, కొన్ని పలకలూ పాడయ్యాయి. పక్కనే చెంగల్ తోడు కాలువ ఉంది. వాన నీటికి దారి వదలకుండా ఎంత కరెంటు తయారుచేసినా కట్టడం నిలబడదు. ఆ వరద తర్వాతే కాలువల పనులు గట్టిగా పట్టుకున్నారు.

ఏజెంటుతో రేట్లు కుదరలేదు. సాయంత్రం మళ్ళీ ఫోన్లో అన్నయ్య మిర్చి మాటే ఎత్తలేదు. "మన స్టోరేజీ కప్పు ఎన్ని చదరపు అడుగులుంటుందంటావ్?" అని అడిగాడు. రేకులు ఆ బరువు ఆపుతాయో లేదో ముందు ఇంజనీరుకి చూపించమన్నాను.