వాడు నడిచాడు

"పెద్దమ్మా, పట్టుకోకు!" అని అరిచి, గోడ వదిలేసి నా వైపు నడిచొచ్చాడు చెల్లి కొడుకు. కొన్ని అడుగులే. కాళ్లకు ఊతంగా బిగించే కట్టు బెల్టుల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. నడవడం కష్టమే అన్నారు అప్పట్లో. చెల్లి పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, వాడు లేచిన వెంటనే కాళ్లకు ఎక్సర్‌సైజులు మొదలుపెట్టేది. వాడు ఏడ్చినా ఆపేది కాదు. పక్క గదిలో ఉన్న మాకే గుండె తరుక్కుపోయేది, కన్నతల్లికి ఎలా ఉండేదో!

అమెరికా పరుగుల క్రీడాకారిణి విల్మా రుడాల్ఫ్ కథ వాడికి చాలా ఇష్టం. 1940లో తనూ నెలలు నిండకుండానే పుట్టింది. పోలియో వచ్చి చిన్నతనంలో ఏళ్ల తరబడి కాలికి ఊతమిచ్చే లోహపు కట్టుతోనే నడిచింది. వాళ్లమ్మ బస్సులో దూరంగా ఉన్న ఆసుపత్రికి తిప్పేది. ఇంట్లో తోబుట్టువులు వంతులవారీగా కాలు మర్దన చేసేవాళ్లు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పరుగులో మూడు బంగారు పతకాలు గెలిచింది. అందరూ పతకాల గురించే చెబుతారు, నాకు మాత్రం ఆ మర్దన చేసిన చేతులే గొప్పగా అనిపిస్తాయి. నమ్మకం ఉన్నవాళ్లే అంత ఓపిగ్గా చేయగలరు.

చెల్లి ఇవాళ ఏడ్చింది, నవ్వింది. కాసేపటికే టైమ్ చూసి సాయంత్రం ఎక్సర్‌సైజులకు వాణ్ని కూర్చోబెట్టింది. రేపు మెట్లెక్కుతాడట!