అడుగు మూత విప్పాక తెలిసిన సంగతి

నాలుగేళ్లుగా వాడుతున్న నా గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీ. ఈమధ్య ఏ కొత్త గేమ్ పెట్టినా, టెక్స్చర్ల (గేములో వస్తువుల మీద పరిచే ఉపరితల చిత్రాల) నాణ్యతను అట్టడుగుకు దించినా సరే, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. లోగడ ర్యామ్‌నూ ఎస్ఎస్‌డీనీ నా చేతులతోనే మార్చుకున్నవాణ్ని కనుక, గ్రాఫిక్స్ కార్డు సంగతీ అంతేనన్న ధీమాతో స్క్రూలు విప్పి అడుగు మూత తీశాను. రెండు ఫ్యాన్లు, వాటి మధ్య పరుచుకున్న రాగి గొట్టాలు కనిపించాయి గానీ, ఊడదీయడానికి వీలైన కార్డు అన్నదే లేదు. గ్రాఫిక్స్ చిప్పునూ దాని చుట్టూ ఉన్న మెమరీ చిప్పులనూ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేశారు. కొనేముందు పది నిమిషాలు చదివి ఉంటే ఈ సంగతి మూత తీయకుండానే తెలిసేది.

అన్ని ల్యాప్‌టాప్‌లూ మొదటినుంచీ ఇలాగే లేవు. గ్రాఫిక్స్ చిప్పులు తయారుచేసే ఎన్విడియా 2004లో ఎమ్‌ఎక్స్‌ఎమ్ అనే ప్రమాణాన్ని తెచ్చింది. దానిని పాటించిన ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్పు ఒక చిన్న బోర్డు మీద ఉండి, స్లాట్‌లో కూర్చునేది. అయినా స్లాట్ కుదిరినంత మాత్రాన కొత్త కార్డు పనిచేస్తుందన్న హామీ ఉండేది కాదు. చిప్పు వేడిని లాగే హీట్‌సింక్‌లో స్క్రూ రంధ్రాలు కలవాలి, ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామైన బయోస్ ఆ కార్డును గుర్తించాలి, అడాప్టర్ దానికి చాలినంత కరెంటు ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లు పలచబడేకొద్దీ ఆ స్లాట్‌కు చోటు లేకుండా పోయింది. 2024లో వినియోగదారుల చేతికి వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 16లో గ్రాఫిక్స్ మాడ్యూల్‌ను వెనకవైపు నుంచి తీసి మార్చుకోవచ్చు గానీ, అటువంటివి అరుదు.

ఇక మిగిలింది బయట పెట్టుకునే కార్డు. థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు ఉన్న ల్యాప్‌టాప్‌కు ఒక పెట్టెను తగిలించి, అందులో డెస్క్‌టాప్ కార్డును నడపవచ్చు. డెస్క్‌టాప్‌లో ఆ కార్డుకు సాధారణంగా 16 పీసీఐఈ లేన్లు, అంటే సమాచారం ప్రయాణించే దారులు, దొరుకుతాయి. థండర్‌బోల్ట్ 3 గానీ 4 గానీ ఇచ్చేది 4 లేన్ల పాటి దారి మాత్రమే. పైగా బొమ్మను ల్యాప్‌టాప్ సొంత తెర మీదే చూడాలనుకుంటే, కార్డు తయారుచేసిన ప్రతి ఫ్రేమూ అదే తీగ గుండా వెనక్కి రావాలి కనుక వేగం ఇంకా తగ్గుతుంది. వేరే మానిటర్, వేరే పవర్ సప్లై పెట్టుకొని బల్ల దగ్గరే కూర్చునేవారికి ఇది పనికొస్తుంది. అంతగా బల్లకే అతుక్కుపోయేవారు డెస్క్‌టాప్ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

కాబట్టి ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఎంపిక అంతా కొనే రోజునే జరిగిపోవాలి. అక్కడ మొదట మోసపుచ్చేది పేరు. ఎన్విడియా డెస్క్‌టాప్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 24 జీబీ మెమరీ ఉంటే, అదే అంకె పెట్టుకున్న ల్యాప్‌టాప్ చిప్పులో 9,728 కోర్లు, 16 జీబీ మెమరీ ఉన్నాయి. పేరును మించి చూడవలసింది వాట్లు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి తయారీదారు 35 నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా కేటాయించవచ్చు. అంటే రెండు ల్యాప్‌టాప్‌ల మీద ఒకే స్టిక్కరు ఉన్నా, ఒకదానికి దక్కే విద్యుత్తు రెండోదానిలో మూడో వంతుకన్నా తక్కువ కావచ్చు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని సిస్టమ్ సమాచారంలో ఈ గరిష్ఠ వాట్ల అంకె కనిపిస్తుంది కనుక, దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లోనైనా దానిని తెరిచి చూడడానికి మొహమాటపడనక్కరలేదు.

ఆ తరువాత మెమరీ. ల్యాప్‌టాప్ 4060కీ 4070కీ కూడా 8 జీబీయే కనుక, నాలాగా మెమరీ చాలక విసిగిపోయినవారు ఒకదాని నుంచి రెండోదానికి ఎక్కినా ఆ బాధ తీరదు. 12 జీబీ కావాలంటే ఈ 40 సిరీస్ తరంలో 4080 దాకా వెళ్లాలి. తెరను నేరుగా అసలు కార్డుకు కలిపే మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా అడగాలి. అది లేనిచోట అసలు కార్డు గీసిన ఫ్రేములు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ గుండానే తెరను చేరతాయి, ఫ్రేమ్ రేటు ఎక్కువగా ఉండే గేముల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఎలాగూ మూత తీశాను గనుక ఫ్యాన్లలో పేరుకున్న దుమ్ము దులిపి, ఎండిపోయి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్టు (చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేర్చేది) తుడిచి కొత్తది రాశాను. వేడెక్కినప్పుడల్లా చిప్పు తన వేగాన్ని తానే తగ్గించుకోవడం ఆగింది, పాత గేములు మళ్లీ నిలకడగా నడుస్తున్నాయి. కొత్త గేముల్లో టెక్స్చర్లు మాత్రం ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నాయి. 4 జీబీ ఏ పేస్టు రాసినా 4 జీబీయే కదా. తరువాతి ల్యాప్‌టాప్ కోసం రాసుకున్న కాగితంలో మొదటి గడి మెమరీది, రెండోది వాట్లది, కార్డు పేరు మూడోది.