మోవర్ కింద పడుకుని రాస్తున్న పోస్ట్

రైడింగ్ మోవర్ ఉంటే దర్జాగా కూర్చుని గడ్డి కోసుకోవచ్చు అనుకుంటారు గానీ, దాని కింద దూరి డెక్ (బ్లేడ్ మీద ఉండే రేకు తొడుగు) గోకడమే సగం పని, తడిగడ్డి అంటుకున్నది అలాగే వదిలేస్తే రేకు తుప్పు పట్టేస్తుంది మరి. మొన్న తాళం తిప్పితే టక్‌మని సౌండ్ తప్ప ఏం లేదు, అందరూ బ్యాటరీ మార్చెయ్ అన్నారు, మీటర్ పెడితే 12.6 వోల్టులు శుభ్రంగా చూపిస్తోంది, తీరా చూస్తే టెర్మినల్స్ మీద తెల్లగా పేరుకుపోయింది, బ్రష్‌తో రుద్ది బిగించగానే స్టార్ట్! ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి ట్యాంకులో ఉంటే తేమ పీల్చేసి కార్బ్యురేటర్‌ని పాడుచేస్తుంది, అందుకే సీజన్ అవ్వగానే ఖాళీ చేసేస్తా. బ్లేడ్ విప్పేముందు మాత్రం స్పార్క్ ప్లగ్ వైర్ పీకెయ్యండి బాబూ. ఇప్పుడేమో బెల్టు కీచుమంటోంది, ఆదివారం దాని సంగతి చూడాలి.