జీడిపప్పు అలర్జీ వేరు, జీడి నూనె అలర్జీ వేరు

పలాసలో మా మేనత్త గారింటి పెళ్లిలో జీడిపప్పు పాకం ముక్క తిన్న మా అబ్బాయికి కాసేపటికే పెదవులు వాచి, మెడ నిండా దద్దుర్లు తేలాయి. వేడి చేసిందంటూ పెద్దవాళ్లు మజ్జిగ తాగించారు గాని, అది వేడి కాదు. పప్పులోని ప్రొటీన్‌ను హానికరమైనదిగా పొరబడిన శరీరం, దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకు తగిలించి ఉంచుతుంది. ఆ ప్రొటీన్ మళ్లీ ఎదురైన నిమిషాల్లోనే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదలడంతో, సన్నని రక్తనాళాలు వదులై, వాటిలోని ద్రవం చుట్టూ ఊరి, వాపు, దురద మొదలవుతాయి.

అక్కడే జీడి పిక్కలు కొట్టే మా వదిన చేతులు పొక్కడం మాత్రం మరునాటికో, ఆ పై రోజుకో గాని బయటపడదు. పెంకులోని నల్లటి నూనె చర్మానికి అంటినప్పుడు స్పందించేవి ఐజీఈ కాదు, టీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాలు. అవి పోగవడానికి సమయం పడుతుంది. జీడి కుటుంబానికే చెందిన మామిడి సొనతోనూ కొందరికి ఇలాగే అవుతుంది.

సిట్రిజిన్ బిళ్ల దురదను తగ్గిస్తుందే గాని, గొంతు బిగుసుకుని ఊపిరి అందనప్పుడు ఆలస్యం చేయకుండా అడ్రినలిన్ ఇంజెక్షన్ చేయించాలని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. జీడిపప్పు పడనివారిలో చాలామందికి పిస్తా కూడా పడదట. విందు భోజనాల్లో ఇప్పుడు మాకు స్వీట్లకన్నా, జీడిపప్పు ముద్ద కలిపిన కుర్మాలతోనే ఎక్కువ బెంగ.